రాకెట్ పేరు చట్టంలోకి ఎక్కితే: యూరోపా క్లిప్పర్ కేసు

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు గ్రాంటు ఫైలు చేతికిచ్చే ముందు నేనొక వాక్యం చదివిస్తాను. 2015 డిసెంబర్ 18న అమెరికాలో చట్టమైన ప్రభుత్వ ఖర్చుల బిల్లులో, నాసా సైన్స్ పద్దు కింద ఉంటుందది. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా అనే చందమామ దగ్గరకు వెళ్లే నౌకను స్పేస్ లాంచ్ సిస్టమ్ రాకెట్ మీదే పంపాలి, 2022 దాటకుండా పంపేలా ప్రణాళిక వేయాలి అని దాని సారాంశం. వీలైతే పంపమనీ, పరిశీలించమనీ కాదు. పంపాలి అనే ఉంది. చదివించాక ఒక ప్రశ్న అడుగుతాను: ఈ వాక్యంలో డబ్బు ఎంత? అందరూ ముందు వాక్యంలో ఉన్న 17.5 కోట్ల డాలర్ల అంకె చూపిస్తారు. నేను మాత్రం రాకెట్ పేరు మీద వేలు పెడతాను. ఆ పేరు విలువ వంద కోట్ల డాలర్లు దాటిందని తేలడానికి ఐదేళ్లు పట్టింది.

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు పరిశోధన నిధుల కార్యాలయంలో పనిచేస్తాను. ప్రొఫెసర్లు నాసాకో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కో పంపే ప్రతిపాదనల బడ్జెట్లు సరిచూడటం, గ్రాంటు వచ్చాక ఆ డబ్బు షరతుల ప్రకారం ఖర్చవుతోందో లేదో కనిపెట్టుకుని ఉండటం నా పని. మా నాన్న తెనాలిలో సబ్‌ట్రెజరీ ఉద్యోగి. బిల్లు పట్టుకుని ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది "బీఆర్వో వచ్చిందా?" అని. బడ్జెట్ పుస్తకంలో పద్దు కింద సొమ్ము కనిపిస్తున్నా, బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ రాకపోతే ఆయన కిటికీ దగ్గర రూపాయి కదిలేది కాదు. సముద్రాలు దాటి వచ్చి నేను చేస్తున్న పని కూడా అదే. మంజూరు ఎంత, విడుదల ఎంత, ఏ షరతు మీద విడుదల అని మూడు ప్రశ్నలు వేసుకోవడం. యూరోపా క్లిప్పర్ కేసు ఈ మూడో ప్రశ్నకు సంబంధించింది.

ఒకే కుండలో నాసా, జైళ్లు, జనాభా లెక్కలు

ముందు ఆ బిల్లు సంగతి. అమెరికా ప్రభుత్వం ఏటా కొత్తగా మంజూరు చేయించుకోవాల్సిన ఖర్చంతా 12 బిల్లులుగా విడిపోయి ఉంటుంది. అందులో ఒకటి వాణిజ్యం, న్యాయం, సైన్సులకు కలిపి పెట్టే బిల్లు. మా వాళ్లంతా సీజేఎస్ బిల్లు అంటారు. దీని కింద ఎవరెవరున్నారో వింటే మొదటిసారి ఎవరికైనా వింతగానే ఉంటుంది. ఎఫ్‌బీఐ, ఫెడరల్ జైళ్లు, జనాభా లెక్కలు చేసే సెన్సస్ బ్యూరో, పేటెంట్ ఆఫీసు, తుపాను హెచ్చరికలిచ్చే వాతావరణ సంస్థ నోవా, కొలతల ప్రమాణాలు చూసే నిస్ట్, నాసా, నేషనల్ సైన్స్ ఫౌండేషన్, పేదలకు న్యాయసాయం అందించే లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్, అన్నీ ఇందులోనే.

కాంగ్రెస్‌లో ఖర్చుల కమిటీ పెద్దలు ముందుగా 12 సబ్‌కమిటీలకు డబ్బు పంచుతారు. సీజేఎస్ సబ్‌కమిటీ తన వాటాలోనే అందరికీ సర్దాలి. జైళ్ల ఖర్చు పెరిగిన ఏడాది, పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కల ముందు ఏడాది, ఆ బరువు టెలిస్కోపుల మీదా పరిశోధన గ్రాంట్ల మీదా పడుతుంది. మా ప్రొఫెసర్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. రక్షణ బడ్జెట్ పెంచారు కదా, మాకెందుకు తగ్గింది అని అడుగుతారు. అది వేరే కుండ.

మన దగ్గర ద్రవ్య వినిమయ బిల్లుకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇక్కడే చెప్పాలి. రాజ్యాంగం 113వ అధికరణ ప్రకారం లోక్‌సభ ప్రభుత్వం అడిగిన గ్రాంటును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచడానికి వీల్లేదు. రాష్ట్ర శాసనసభలకు 203వ అధికరణ అదే చెబుతుంది. అందుకే అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా సభ్యుడు కోత తీర్మానమే పెడతాడు తప్ప పెంపు తీర్మానం పెట్టడు. అమెరికాలో అధ్యక్షుడి బడ్జెట్ ఒక విన్నపం మాత్రమే. కాంగ్రెస్ దాన్ని పక్కన పెట్టి, అడగని పనికి అడగనంత డబ్బు ఇవ్వగలదు, ఆ డబ్బుకు తనకు తోచిన షరతు తగిలించగలదు. ఈ కేసులో రెండూ జరిగాయి.

అడగని వరం

యూరోపా మన చందమామ కంటే కాస్త చిన్నది. పైన మంచు పెంకు. 1995 నుంచి 2003 దాకా గురుగ్రహం చుట్టూ తిరిగిన గెలీలియో నౌక కొలిచిన అయస్కాంత క్షేత్రాన్ని బట్టి, ఆ పెంకు కింద ఉప్పునీటి సముద్రం ఉందని శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు. అక్కడికి ఒక నౌకను పంపాలని ఎన్నాళ్లుగానో కోరిక. రాబోయే పదేళ్లలో ఏ పని ముందో శాస్త్రవేత్తలు తేల్చే గ్రహశాస్త్ర దశాబ్ద సర్వే 2011లో వచ్చింది. అది యూరోపాకు పెద్ద పీట వేసింది కానీ, అప్పటి డిజైన్‌కు వేసిన 470 కోట్ల డాలర్ల అంచనా చూసి, ఖర్చు తగ్గించుకుంటే తప్ప వద్దంది. జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ, జాన్స్ హాప్కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ లాబొరేటరీ కలిసి దారి మార్చాయి. యూరోపా చుట్టూ తిరిగితే గురుగ్రహపు రేడియేషన్‌లో ఎలక్ట్రానిక్స్ ఎక్కువ కాలం బతకవు. కనుక గురుగ్రహం చుట్టూ పెద్ద కక్ష్యలో తిరుగుతూ, మళ్లీ మళ్లీ యూరోపా పక్కనుంచి దూసుకెళ్లి, కొలిచిన వివరాలను దూరంగా వచ్చాక భూమికి పంపాలి. క్లిప్పర్ ఆలోచన అలా పుట్టింది.

ఆలోచన బాగుంది, డబ్బు లేదు. నాసా బడ్జెట్ విన్నపాల్లో యూరోపాకు చోటు దొరకలేదు. అక్కడ అడుగుపెట్టారు జాన్ కల్బర్సన్. హ్యూస్టన్ నుంచి ఎన్నికైన రిపబ్లికన్, సీజేఎస్ సబ్‌కమిటీ సభ్యుడు, 2015 నుంచి దానికి ఛైర్మన్. యూరోపా అంటే ఆయనకు నిజమైన మమకారం. జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి స్వయంగా వెళ్లి ఇంజనీర్లతో కూర్చుని వివరాలు మాట్లాడేవారు. ఆ లాబొరేటరీ ఉన్నది కాలిఫోర్నియాలో, ఆయన నియోజకవర్గంలో కాదు.

అంకెలు వరసగా చూడండి. 2013 ఆర్థిక సంవత్సరంలో నాసా అడగకుండానే 7.5 కోట్ల డాలర్లు, 2014లో 8 కోట్లు. 2015లో నాసా ఒకటిన్నర కోటి అడిగితే చట్టం 10 కోట్లు ఇచ్చింది. 2016లో 3 కోట్లు అడిగితే 17.5 కోట్లు. 2017లో 5 కోట్ల లోపు అడిగితే 27.5 కోట్లు. 2018లో 42.5 కోట్లు అడిగితే 59.5 కోట్లు. 2019లో సుమారు 26 కోట్లు అడిగితే క్లిప్పర్‌కు 54.5 కోట్లు, దానితోపాటు మంచు మీద దిగే ల్యాండర్‌కు మరో 19.5 కోట్లు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక ప్రాజెక్టుకు ఇంత నిలకడగా, ఇంత మొండిగా, కోరినదానికి రెట్టింపులు ఇచ్చుకుంటూ పోయిన సందర్భం నేనింకోటి చూడలేదు. ఈ అంకెలు లేకపోతే క్లిప్పర్ ఇవాళ అంతరిక్షంలో ఉండేది కాదు. కల్బర్సన్ చేసిన మేలును చిన్నబుచ్చేవాళ్లతో నేను ఒప్పుకోను.

షరతు ఎక్కడినుంచి వచ్చింది

ఇక రాకెట్ మాట. స్పేస్ లాంచ్ సిస్టమ్‌ను, మా వాడుకలో ఎస్‌ఎల్‌ఎస్‌ను, కట్టమని చెప్పింది కూడా కాంగ్రెసే. 2010 నాసా ఆథరైజేషన్ చట్టంలో దానికి పునాది ఉంది. దాని పని ఎక్కువగా అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉన్న మార్షల్ కేంద్రం చేతుల మీదుగా సాగింది. సెనేట్ వైపు ఖర్చుల కమిటీలో అలబామా సెనేటర్ రిచర్డ్ షెల్బీ మాట గట్టిది. ఆ రాకెట్‌కు మనుషులతో వెళ్లే ప్రయాణాలే కాక వేరే పని కూడా కావాలి. యూరోపాకు బలమైన రాకెట్ కావాలి. రెండు అవసరాలూ ఒక వాక్యంలో కలిశాయి.

సాంకేతికంగా ఆ వాక్యం అర్థంలేనిది కాదు. ఎస్‌ఎల్‌ఎస్ మీద వెళితే నౌక నేరుగా మూడేళ్ల లోపే గురుగ్రహం చేరుతుంది. వేరే రాకెట్ అయితే దారిలో గ్రహాల గురుత్వాకర్షణ సాయం తీసుకుంటూ ఐదారేళ్లు తిరగాలి. కొన్ని దారులు శుక్రుడి దగ్గరగా పోతాయి, అక్కడి వేడికి నౌకను వేరేగా తయారు చేయాలి. ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితంలో మూడేళ్లు చిన్న విషయం కాదు. 2015లో నన్నడిగినా ఎస్‌ఎల్‌ఎస్ బాగుందనే అనేదాన్ని.

తప్పు ఎక్కడంటే, అప్పటికింకా ఒక్కసారి కూడా ఎగరని రాకెట్ పేరును తేదీతో సహా చట్టంలో రాయడం. ఇంజనీరు తీసుకోవాల్సిన నిర్ణయం శాసనం అయిపోయింది. ఇంజనీరు మనసు మార్చుకోవాలంటే రెండు సభలూ ఓటు వేయాలి.

ఇక్కడ మా వృత్తిలోవాళ్లకు తెలిసిన ఒక మెలిక ఉంది. సీజేఎస్ బిల్లులో ఒక పద్దు ఇలా నడుస్తుంది: ముందు మొత్తం అంకె, ఆ డబ్బు ఎప్పటిదాకా వాడుకోవచ్చో తేదీ, తర్వాత ఒక కోలన్, ఆపైన ప్రొవైడెడ్ అని మొదలయ్యే షరతు. మళ్లీ కోలన్, ప్రొవైడెడ్ ఫర్దర్, ఇంకో షరతు. పేరా తెగదు. పేజీ నిండా ఒకే వాక్యం. వీటిని ప్రొవైజోలు అంటాం. సాధారణంగా ఒక ప్రొవైజో ఆ ఏడాది డబ్బుకే కట్టుబడి ఉంటుంది. ఇకపై ఎప్పటికీ అని విడిగా రాస్తే తప్ప వచ్చే ఏటికి దాని బలం పోతుంది. అందుకే యూరోపా షరతును ఏటా కొత్తగా రాయాల్సి వచ్చింది, రాశారు కూడా. 2017 ఆర్థిక సంవత్సరపు చట్టంలో ఆర్బిటర్, అంటే క్లిప్పర్, 2022కి, ల్యాండర్ 2024కి. 2019 చట్టంలో 2023, 2025. 2020 చట్టంలో 2025, 2027. రాకెట్ పేరు కదల్లేదు, సంవత్సరాలు జరుగుతూ పోయాయి. ఏటేటి పేజీలు పక్కపక్కన పెట్టి చదివితే, రాకెట్ ఎంత ఆలస్యమవుతోందో ఆ తేదీలే చెప్పేస్తాయి.

2018 నవంబర్‌లో కల్బర్సన్ ఎన్నికల్లో ఓడారు. ఆ డిసెంబర్ 22న మొదలైన షట్‌డౌన్, అంటే డబ్బు మంజూరు కాక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడటం, 35 రోజులు సాగింది. అప్పటికి సీజేఎస్ బిల్లు చట్టం కాలేదు కనుక నాసా ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇంట్లో కూర్చున్నారు, నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో ఫోనెత్తేవాళ్లు లేరు. చివరకు 2019 ఫిబ్రవరి 15న బిల్లు చట్టమైంది. కల్బర్సన్ సభ నుంచి వెళ్లిపోయి ఆరు వారాలు. ఆయన రాయించిన 54.5 కోట్లు, 19.5 కోట్లు, రాకెట్ షరతు మాత్రం అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మూడు రాకెట్లకు సరిపోయే నౌక

షరతు కింద పనిచేయడం అంటే ఏమిటో ఇక్కడ కాస్త ఆగి చూడాలి. రాకెట్ ఏదో తెలియకపోతే నౌకలో ఏమేం తేలవు? ఎగిరేటప్పుడు ఎంత కుదుపు తట్టుకోవాలో తేలదు. రాకెట్ పైభాగానికి నౌకను బిగించే అడాప్టర్ కొలతలు తేలవు. దారిలో సూర్యుడికి ఎంత దగ్గరగా పోతుందో తెలియదు కనుక వేడి నుంచి రక్షణ ఎంత కావాలో తేలదు. ఎన్నేళ్లు ప్రయాణమో తెలియకపోతే, ప్రయాణ కాలంలో నౌకను చూసుకునే బృందానికి ఎన్నేళ్ల జీతాలు బడ్జెట్‌లో పెట్టాలో తేలదు. ఈ చివరిది నా బోటివాళ్ల బల్ల మీదకు వస్తుంది. ఒక పరికరం మీద పనిచేసే పరిశోధకులకు మూడేళ్ల ప్రయాణానికి ఒక బడ్జెట్, ఆరేళ్ల ప్రయాణానికి ఇంకో బడ్జెట్ తయారు చేసి పెట్టుకోవాలి.

క్లిప్పర్ బృందం ఎస్‌ఎల్‌ఎస్, ఫాల్కన్ హెవీ, డెల్టా ఫోర్ హెవీ అనే మూడు రాకెట్లకూ సరిపోయేలా డిజైన్‌ను మోసుకుంటూ వచ్చింది. చట్టం చెప్పిన రాకెట్ సమయానికి రాదని వాళ్లకు తెలుసు. తెలిసినా చట్టాన్ని కాదని వేరే రాకెట్‌కు డబ్బు కట్టే అధికారం లేదు. 2019 ఆగస్టులో నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్ కాంగ్రెస్‌కు లేఖ రాశారు. నౌక 2023లో తయారవుతుంది, ఎస్‌ఎల్‌ఎస్ మాత్రం 2025 దాకా దొరకదు, ఈ లోపు నౌకను గిడ్డంగిలో జాగ్రత్త చేయడానికి నెలకు 30 నుంచి 50 లక్షల డాలర్లు అవుతాయి, కనుక రాకెట్ ఎంపిక నాసాకు వదిలేయండి అని అందులో సారం. ఆ అక్టోబర్‌లో శ్వేతసౌధం బడ్జెట్ కార్యాలయం సెనేటర్ షెల్బీకి రాసిన లేఖలో, ఒక్క ఎస్‌ఎల్‌ఎస్ ప్రయోగానికి 200 కోట్ల డాలర్లు పైనే అవుతుందని, ప్రైవేటు రాకెట్ వాడితే 150 కోట్లు మిగులుతాయని చెప్పింది.

అయినా 2019 డిసెంబర్ 20న చట్టమైన బిల్లులో షరతు మళ్లీ వచ్చింది.

2020 అక్టోబర్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలైంది, బిల్లు తయారు కాలేదు. అప్పుడు వచ్చేది కంటిన్యూయింగ్ రిజల్యూషన్, మా భాషలో సీఆర్. మన పత్రికలు రాసే ఓటాన్ అకౌంట్‌కు దగ్గరి చుట్టం. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాది నవంబర్ దాకా పూర్తి బడ్జెట్ లేకుండా నడిచింది, గుర్తుండే ఉంటుంది. పాత మోతాదులో ఖర్చు పెట్టుకోమనడం వరకు రెండూ ఒకటే. అయితే సీఆర్ కింద పాత డబ్బుతోపాటు పాత షరతులు కూడా కొనసాగుతాయి. అంటే 2020 డిసెంబర్ చివరి దాకా, క్లిప్పర్ తుది డిజైన్ సమీక్ష జరుగుతున్న రోజుల్లో కూడా, చట్టప్రకారం దాని రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్సే.

నా బల్ల మీదకు వచ్చిన ఫైలు

ప్రొవైజో ఎంత దూరం పాకుతుందో నాకు తెలిసొచ్చింది క్లిప్పర్ వల్ల కాదు. ఉద్యోగంలో చేరిన తొలిరోజుల్లో ఒక ప్రొఫెసర్ నాసాకు ప్రతిపాదన తయారు చేశారు. సహ పరిశోధకుల్లో ఒకరు చైనా విశ్వవిద్యాలయంలో ఉన్నారు. ఆయనకు డబ్బేమీ ఇవ్వడం లేదు, డేటా విశ్లేషణలో చేయి కలుపుతారంతే. బడ్జెట్‌లో ఆ పేరు పక్కన సున్నా ఉంది. సున్నా కదా అని నేను టిక్కు పెట్టి ముందుకు పంపాను. గడువుకు రెండు రోజుల ముందు మా సీనియర్ ఆవిడ ఫైలు వెనక్కి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "చట్టం చదివావా అమ్మా?" అంది.

2011 ఏప్రిల్‌లో, అప్పటి సీజేఎస్ సబ్‌కమిటీ ఛైర్మన్ ఫ్రాంక్ వుల్ఫ్ చొరవతో ఖర్చుల చట్టంలోకి ఎక్కిన షరతు అది. నాసా తన డబ్బుతో చైనాతోనూ చైనా సంస్థలతోనూ ద్వైపాక్షికంగా కలిసి పనిచేయకూడదు. డబ్బు అటువైపు వెళ్లకపోయినా, ఉచితంగా కలిసి పనిచేసినా వర్తిస్తుంది. ఏటా కొద్ది మార్పులతో తిరిగి వస్తోంది. నాసా గ్రాంటు తీసుకునే ప్రతి సంస్థా దీనికి కట్టుబడి ఉంటానని హామీ ఇవ్వాలి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుకు ఇదే షరతు లేదు. అదే బిల్లు, అదే ప్రొఫెసర్, పద్దు మారితే నియమం మారిపోతుంది.

ఆ రెండు రోజులూ ప్రొఫెసర్, నేను కూర్చుని పనులన్నీ మళ్లీ పంచుకున్నాం. ఆయన తన మిత్రుడికి ఫోన్ చేసి, నీ పేరు తీసేయాల్సి వస్తోందని చెప్పినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. పదిహేనేళ్ల స్నేహం వాళ్లది. ముందే చదివి చెప్పి ఉంటే ఆ మాట నెలకు ముందే, నెమ్మదిగా చెప్పుకునేవారు. తప్పు నాదే. అప్పటినుంచి ఏ బిల్లు వచ్చినా అంకెల పట్టిక కంటే ముందు ప్రొవైడెడ్ అన్న మాట వెతికి, అది వచ్చిన ప్రతి చోటా ఆగి చదువుతాను.

అలాంటిదే 2013లో ఇంకోటి జరిగింది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ రాజనీతి శాస్త్రానికి ఇచ్చే డబ్బు దేశ భద్రతకో ఆర్థిక ప్రయోజనానికో సంబంధించిన పరిశోధనకే ఖర్చు కావాలని సెనేటర్ టామ్ కోబర్న్ సవరణ పెట్టించారు. ఆ ఏడాది ఒక విడత రాజనీతి శాస్త్ర గ్రాంట్ల ఎంపికనే సంస్థ రద్దు చేసుకుంది. మరుసటి ఏడాది బిల్లులో ఆ షరతు లేదు. పోయిన విడత మాత్రం తిరిగి రాలేదు.

"అయితే" అన్న మాట

క్లిప్పర్ ముడి విప్పింది కూడా ప్రొవైజోనే. 2020 డిసెంబర్ 27న చట్టమైన బిల్లులో రాకెట్ పేరు అలాగే ఉంది, కానీ దానికి రెండు "అయితే"లు చేరాయి. ఎస్‌ఎల్‌ఎస్ దొరికే పనైతే, దాని మెలితిప్పే కుదుపును నౌక తట్టుకోగలదని విశ్లేషణలో తేలితే, అప్పుడే ఎస్‌ఎల్‌ఎస్ వాడాలి. తేలకపోతే నాసా పోటీ పెట్టి వేరే రాకెట్ ఎంచుకోవచ్చు.

ఈ కుదుపు సంగతి వివరంగా చెప్పాలి. ఎస్‌ఎల్‌ఎస్‌కు రెండు పక్కలా ఘన ఇంధన బూస్టర్లు ఉంటాయి. అవి మండేటప్పుడు పుట్టే కంపనం రాకెట్ శరీరమంతా పాకి, పైన కూర్చున్న నౌకను మెలితిప్పుతుంది. తడి బట్టను రెండు చేతులతో పిండినట్టు. మనుషులు కూర్చునే బరువైన క్యాప్సూల్‌కు ఫర్వాలేదు. విప్పితే 30 మీటర్లు పరుచుకునే సౌర ఫలకాలు, పొడవాటి యాంటెన్నాలు మడిచి పెట్టుకున్న నౌకకు అది ప్రమాదం. సరిచేయాలంటే మరో 100 కోట్ల డాలర్లు కావాలని నాసా లెక్క తేల్చింది. రెండు "అయితే"లూ తప్పాయి. 2021 ఫిబ్రవరిలో ఇక ప్రైవేటు రాకెట్ ఆధారంగానే పని చేయమని బృందానికి ఆదేశం వెళ్లింది. జులై 23న స్పేస్ఎక్స్ ఫాల్కన్ హెవీకి 17.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు.

షరతును పూర్తిగా కొట్టేయకుండా ఈ మాటలు చేర్చిన తీరును నేను మెచ్చుకుంటాను. షెల్బీ లాంటివాళ్లు తమ రాకెట్ పేరు బిల్లులోంచి తీసేయడానికి ఒప్పుకునేవారు కాదు. పేరు ఉంచి, తీర్పు కంపన విశ్లేషణకు వదిలేశారు. సబ్‌కమిటీ సిబ్బందిలో ఎవరో ఇంజనీర్ల మాట శ్రద్ధగా విని, ఆ మెలితిప్పడం అన్న సాంకేతిక పదాన్ని చట్ట భాషలోకి తెచ్చారు. పేరు బయటకు రాని మనిషి చేసిన పని అది. మొదటి వాక్యం 2015లోనే ఇలా రాసి ఉంటే మూడు రాకెట్ల బరువు మోయాల్సి వచ్చేది కాదు.

నిజానికి ఎస్‌ఎల్‌ఎస్ మొదటిసారి ఎగిరింది 2022 నవంబర్ 16న. ఆ తర్వాతి రాకెట్లన్నీ చంద్రుడి యాత్రలకే కేటాయించి ఉన్నాయి. షరతు అలాగే ఉండిపోయి ఉంటే క్లిప్పర్ గిడ్డంగిలో ఎంతకాలం కూర్చునేదో లెక్క వేయడానికి కూడా భయమేస్తుంది.

పని పద్ధతిలో ఏం మార్చుకున్నాం

ఈ కేసు తర్వాత మా కార్యాలయంలో బిల్లు చదివే క్రమం మారింది. మొదట చట్ట పాఠంలో ప్రొవైజోలు. తర్వాత కమిటీ నివేదిక, ఉభయ సభల వివరణ పత్రం. నివేదికలో రాసినది చట్టం కాదని 1993లో లింకన్, విజిల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా సంస్థలు దాన్ని కాదని వెళ్లడం అరుదు, ఎందుకంటే మరుసటి ఏడాది చేయి చాచాల్సింది ఆ కమిటీ దగ్గరే. అంకెల పట్టిక ఆఖరున. సీఆర్ నడుస్తుంటే కిందటేటి ప్రొవైజోలు కూడా పక్కన పెట్టుకుంటాం. ప్రతిపాదనలో కాలపరిమితి ఏదైనా ఒక చట్టపు షరతు మీద నిలబడి ఉంటే, ఆ షరతు మారితే ఏమిటన్న రెండో బడ్జెట్ కూడా ఫైలులో ఉండాలి. పని పెరిగింది, నిజమే. ప్రొఫెసర్లు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు.

క్లిప్పర్ 2024 అక్టోబర్ 14న ఫ్లోరిడాలోని కెన్నెడీ కేంద్రం నుంచి ఎగిరింది. దానికి కొన్ని రోజుల ముందు మిల్టన్ తుపాను వచ్చి ప్రయోగాన్ని జరిపింది. ఆ తుపానును అంచనా వేసిన నోవాకు డబ్బు వచ్చేదీ ఇదే సీజేఎస్ బిల్లు నుంచి. నౌకలో తొమ్మిది శాస్త్ర పరికరాలున్నాయి. మొత్తం ఖర్చు సుమారు 520 కోట్ల డాలర్లు. 2025 మార్చి 1న అంగారకుడి పక్కనుంచి వెళ్లింది, 2026 డిసెంబర్‌లో భూమి పక్కనుంచి వెళ్లి వేగం పుంజుకుని, 2030 ఏప్రిల్‌లో గురుగ్రహం చేరాలి. అక్కడ యూరోపా పక్కనుంచి 49 సార్లు దూసుకెళ్లాలి. ల్యాండర్ ఇప్పటికీ కాగితం మీదే ఉంది.

నౌక గురుగ్రహం చేరే ఆ ఏప్రిల్, 2029 అక్టోబర్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరం నడిమధ్యలో పడుతుంది. నౌకను కక్ష్యలోకి తిప్పే ఇంజను గంటల తరబడి మండాలి, ఆ ముహూర్తాన్ని వాయిదా వేయడం ఎవరి చేతిలోనూ ఉండదు. ఆ రాత్రి నేల మీద కన్సోళ్ల ముందు కూర్చునేవాళ్ల జీతాలు ఆ ఏటి సీజేఎస్ బిల్లు నాసా సైన్స్ పద్దులో ఒక వరుసగా ఉండాలి. మా కార్యాలయంలో ఆ పరికరాల డేటా మీద పనిచేయబోయే ఇద్దరు పరిశోధకుల ఫైళ్లు ఇప్పటికే తెరిచాం. ఒక్కో ఫైలులో రెండేసి బడ్జెట్లున్నాయి, బిల్లు సమయానికి వస్తే ఒకటి, సీఆర్ నడుస్తుంటే ఇంకొకటి.